ఎడమ భుజం, చివరి ఏడాది విద్యార్థిని

కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఆక్యుపంక్చర్ (ఒంట్లో కొన్ని చోట్ల సన్నటి సూదులు పెట్టే చైనా వైద్యం) నేర్పే కాలేజీ ఒకటి నడిపే క్లినిక్‌కి కొంతకాలంగా వెళ్తున్నాను. బయట ప్రైవేటుగా చేయించుకుంటే నేను ఫోన్ చేసి అడిగిన చోటల్లా ఒక్కసారికి 120 నుంచి 150 డాలర్లు చెప్పారు. ఇక్కడ 40 తీసుకుంటారు. సూదులు పెట్టేది చివరి ఏడాది చదువుతున్న విద్యార్థి, పైన లైసెన్సు ఉన్న అధ్యాపకురాలు ఉంటారు. దీని గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు. ఇక్కడి మనవాళ్ళలో చాలామంది ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యే ముందు మనమే పెట్టుకోవాల్సిన మొత్తం) లెక్కలు వేసుకుని నొప్పి ఓర్చుకుంటూ తిరుగుతుంటారు, అందుకే రాస్తున్నాను.

నా సంగతి ఇది. ఫ్రీమాంట్‌లో ఒక ప్రీస్కూల్లో పని చేస్తాను. రెండేళ్ళ పిల్లల్ని ఎత్తడం, దించడం రోజంతా ఉంటుంది. పోయిన చలికాలం ఎడమ భుజం నొప్పి మొదలైతే బరువులెత్తడం వల్లేనని ఇంట్లో అందరూ అన్నారు. తర్వాత తర్వాత చెయ్యి వెనక్కి పోవడం మానేసింది. జడ వేసుకోలేను. కారెక్కితే సీట్ బెల్ట్ కుడిచేత్తో ఒళ్ళంతా తిప్పి అందుకోవాలి. రాత్రి ఎడమ పక్కకి ఒత్తిగిలితే చాలు, నిద్ర చెడినట్టే. డాక్టర్ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్స్‌రే తీయించి, ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. కీలు చుట్టూ సంచిలా ఉండే పొర మందమెక్కి బిగుసుకుపోతుంది. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళకీ, నాలాగా థైరాయిడ్ ఉన్నవాళ్ళకీ ఇంకా ఎక్కువ. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది, కాకపోతే ఏడాది పట్టచ్చు, మూడేళ్ళూ పట్టచ్చు.

ఫిజికల్ థెరపీ రాశారు, వెళ్ళాను. గోడ మీద వేళ్ళు పాకించడం, ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి ఊపడం అక్కడ నేర్పించారు, అవి ఈ రోజుకీ చేస్తున్నాను. కానీ డిడక్టిబుల్ నిండేదాకా ప్రతిసారీ డబ్బు మన జేబులోంచే పోవాలి. వారానికోసారి వెళ్ళాలంటే మా ఇంటి బడ్జెట్‌కి కుదరలేదు. మాతో పని చేసే ఒక వియత్నాం ఆవిడ అప్పుడు ఈ కాలేజీ క్లినిక్ గురించి చెప్పింది. వాళ్ళ అమ్మని మోకాళ్ళ నొప్పులకి అక్కడికే తీసుకెళ్తుందట.

సిరిసిల్లలో ఉన్న మా అక్కకి ఫోన్లో చెప్తే, "ఏందే, పైసలిచ్చి మరీ సూదులు కుచ్చిచ్చుకుంటవా? అదీ చదువుకునే పోరగాండ్లతోని?" అంది. "వాళ్ళు నీ మీద నేర్చుకుంటరు గదనే!" బావ వెనకాల నుంచి 'శతమారీ భవేద్వైద్యః' అని శ్లోకం అందుకున్నాడు. నూరుమందిని చంపితేగానీ వైద్యుడు కాడని మన పెద్దవాళ్ళు అంటూ వచ్చిన మాటే.

అక్క మాటలో భయం ఉంది, అది నాకర్థమవుతుంది. డబ్బున్నవాళ్ళు పెద్ద డాక్టర్ దగ్గరికి పోతారు, లేనివాళ్ళ మీద పిల్లలు నేర్చుకుంటారు అనేది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న బాధ. అయినా అక్కకి ఒక సంగతి గుర్తుచేశాను. నాన్నని వరంగల్ ఎంజీఎంలో చేర్చినప్పుడు రాత్రంతా మేలుకుని చూసుకున్నది హౌస్ సర్జన్లే. పెద్ద డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి రెండు నిమిషాలు నిలబడేవారు. నాన్నకి ఏ మాత్ర పడదో, ఏ పక్కకి తిప్పితే దగ్గు వస్తుందో ఆ పిల్లలకే తెలుసు. "అవును గదనే, ఆ ఖమ్మం పిలగాడు" అంది అక్క. ఇన్నేళ్ళయినా ఆ అబ్బాయి ఊరు ఆమెకి గుర్తుంది. మాది నేత కుటుంబం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోకుండా ఎవరికీ నేత రాలేదు, మొదటి చీర ఎవరో ఒకరు కట్టుకున్నారు కూడా. వైద్యమూ అంతే, ఎవరో ఒకరి ఒంటి మీద నేర్చుకోవాల్సిందే. ఆ నేర్చుకునే మనిషి పక్కన సరైన మనిషి నిలబడి ఉన్నారా లేదా అన్నదే నేను చూసుకోవాలనుకున్నాను.

మొదటిసారి వెళ్తే రెండు గంటలు పట్టింది. ముందు బోలెడన్ని కాగితాలు నింపాలి. నాకు సూదులు పెట్టే విద్యార్థిని నాకంటే పెద్దదే, యాభై దాటి ఉంటాయి. తైవాన్ నుంచి వచ్చి ఇక్కడ ఇరవై ఏళ్ళు ఒక చిప్పుల కంపెనీలో పని చేసి, ఉద్యోగం మానేసి ఈ చదువులో చేరిందట. కాలిఫోర్నియాలో లైసెన్సు పరీక్షకి కూర్చోవాలంటే కనీసం 3,000 గంటల చదువు కావాలి, అందులో 950 గంటలు ఇలా క్లినిక్‌లో రోగులతో గడపాలి. ఆమె ఆ 950లో సగం పైన దాటేసింది. ఈ లెక్క నేనడిగితే మొహమాటపడకుండా చెప్పింది. మీరూ అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఆమె అడిగిన ప్రశ్నలు నన్ను ఇంతవరకూ ఏ డాక్టరూ అడగలేదు. భుజం నొప్పి తెల్లవారుజామున ఎక్కువా, సాయంత్రమా? వేడి కాపడం హాయిగా ఉంటుందా, చల్లదనమా? నిద్రలో ఎన్ని గంటలకి మెలకువ వస్తుంది? కాళ్ళు చల్లబడతాయా? నెలసరి ఎలా ఉంది? అన్నీ రాసుకుంది. రాసుకుంటున్నంతసేపూ నా మొహంలోకి చూస్తూనే ఉంది. తర్వాత నాలుక చాపమంది. చూసి, "పొద్దున బ్రష్ చేసేటప్పుడు నాలుక కూడా శుభ్రం చేసుకున్నారా?" అని అడిగింది. అదేం ప్రశ్న, టంగ్ క్లీనర్‌తో నాలుక గీసుకోకుండా పొద్దున మంచినీళ్ళయినా ముట్టని ఇంట్లో పుట్టాను నేను! నాలుక మీద పాచి పొర ఎలా ఉందో, ఏ రంగులో ఉందో చూడటం వాళ్ళ పద్ధతిలో ముఖ్యమైన పరీక్ష. గీసేసుకుని వస్తే వాళ్ళకి చూడటానికేమీ మిగలదు. వచ్చే రోజు మటుకు గీసుకోవద్దని, కాఫీ తాగి వెంటనే రావద్దని చెప్పింది. అంచుల్లో పంటి గాట్లున్నాయని మాత్రం రాసుకుంది.

తర్వాత నాడి. రెండు చేతులకీ మూడేసి వేళ్ళు ఆనించి చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. మూడు వేళ్ళతో నాడి పట్టడం మనకి కొత్తేం కాదు. మా ఊళ్ళో ఆయుర్వేదం చూసే తాతా అలాగే పట్టేవాడు, ఆ వేళ్ళ కింద ఆయన వాతం, పిత్తం, కఫం చూసేవాడు. చైనా పద్ధతిలో ఒక్కో వేలి కిందా ఒక్కో అవయవాన్ని చూస్తారు. ఆమె తనకి తోచింది కాగితం మీద రాసి మడిచి పక్కన పెట్టింది. అధ్యాపకురాలు లోపలికి వచ్చి, ఆ కాగితం చూడకుండా తనూ నాడి చూసి, అప్పుడు ఇద్దరూ పోల్చుకున్నారు. ఎడమ చేతి విషయంలో ఒకటి కలవలేదు. ఆవిడ విద్యార్థిని వేలు పట్టుకుని నా మణికట్టు మీద కాస్త లోతుగా నొక్కించి, "ఇప్పుడు?" అంది. విద్యార్థిని మొహం విప్పారింది.

ఈ వైద్యం చెప్పే శక్తి ప్రవాహాలూ, నాడిలో అవయవాలూ నిజమని నేను నమ్మను. అయినా నా మణికట్టు మీద ఇద్దరు మనుషులు అంత శ్రద్ధగా ఆగడం నాకు మేలు చేసింది. ఆ మాట అక్కకీ చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను.

సూదుల విషయానికొస్తాను, అందరికీ టెన్షన్ అక్కడే కదా. ఇంజెక్షన్ సూదితో దీనికి పోలికే లేదు. చాలా సన్నగా ఉంటుంది, లోపల బోలు ఉండదు. ప్రతిదీ సీలు చేసిన ప్యాకెట్లోంచి కొత్తగా తీస్తారు, వాడాక ఎర్ర డబ్బాలో పడేస్తారు. అమెరికాలో మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే ఎఫ్‌డీఏ 1996లో ఈ సూదుల్ని ప్రయోగాత్మక పరికరాల జాబితాలోంచి తీసి మామూలు వైద్య పరికరాల కింద చేర్చింది. ఒకసారికే వాడాలన్నది అప్పుడు పెట్టిన షరతుల్లో ఒకటి. విద్యార్థిని చేతులు కడుక్కుంది, స్పిరిట్ దూదితో తుడిచింది, సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఆనించి దానిలోంచి పైకి తేలిన సూది చివర మీద వేలితో టక్కున తట్టింది. చిటుక్కుమన్నదే తప్ప నొప్పి లేదు. ఆ తర్వాత లోపలికి తిప్పుతూ దించినప్పుడు మాత్రం ఒక బరువు, ఒక తిమ్మిరిలాంటిది భుజంలోంచి మోచేతి దాకా జారింది. దాన్ని చైనీయులు 'ద చీ' అంటారు. అది వచ్చిందో లేదో నన్ను అడిగి మరీ ముందుకెళ్ళారు. భుజం ముందూ వెనకా కలిపి ఎన్ని పెట్టిందో ఆమె పైకే లెక్కపెట్టి కాగితం మీద రాసింది, తీసేటప్పుడు మళ్ళీ లెక్క సరిచూసింది.

భుజం కొన మీద పెట్టిన సూది ఒకటి అధ్యాపకురాలికి నచ్చలేదు. కోణం సరిగా లేదంది. తీయించి, నా చెయ్యి కాస్త ఎత్తించి, ఎముకల మధ్య గుంట ఎక్కడ పడుతుందో విద్యార్థిని బొటనవేలితో వెతికించి, మళ్ళీ పెట్టించింది. ఆమె వేళ్ళు కొద్దిగా వణకడం నాకు తెలిసింది. భయం వేసిందా అంటే వేయలేదు. తప్పు ఎక్కడుందో నా కళ్ళ ముందే చెప్పుకుంటున్నారు, దాచడం లేదు. మెడకీ భుజానికీ మధ్య ఉన్న కండలో పెట్టేటప్పుడు మాత్రం అధ్యాపకురాలు పక్కనుంచి కదల్లేదు. అక్కడ లోతుగా పోతే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది. అరుదే గానీ అసలు జరగనిదైతే కాదు. అందుకే ఆ కండని వేళ్ళతో పట్టి పైకెత్తి, సూదిని పైపైనే ఏటవాలుగా పెట్టించింది.

నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉన్నది కాలి సూది. మోకాలికీ చీలమండకీ సరిగ్గా మధ్యలో, ఎముకకి బయటి పక్కన ఒక బిందువుంది. చైనా భాషలో దాని పేరు తియావ్‌కౌ. భుజం నొప్పికి అక్కడ సూది పెట్టి, అది తిప్పుతూ ఉంటే రోగి భుజం కదపాలి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి విద్యార్థిని నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. కాల్లో సూది తిప్పుతూ, "నెమ్మదిగా చెయ్యి పక్కకి ఎత్తండి, నొప్పి వస్తే ఆగండి" అంది. రోజూ ఆగిపోయే చోటు దాటి ఒక జానెడు పైకి లేచింది చెయ్యి. పక్కన అధ్యాపకురాలు కీలు ఎంత కదులుతోందో కొలిచే గోనియోమీటర్ పట్టుకుని కొలిచింది. రాత్రికి మళ్ళీ బిగుసుకుంది, అదీ నిజమే. కాల్లోని నొప్పి మీదికి మనసు మళ్ళడం వల్ల భుజం కండలు వదులవుతాయేమో. కారణం ఏదైనా ఆ ఐదు నిమిషాల్లో చెయ్యి తన దారి గుర్తు తెచ్చుకున్నట్టనిపించి కళ్ళు చెమర్చాయి.

సూదులు పెట్టాక ఎర్రటి వేడి దీపం భుజం మీదికి తిప్పి అరగంట పడుకోబెడతారు. ఆ అరగంట నాకు నిద్ర. దీపం సరిచేయడానికి అధ్యాపకురాలు వచ్చినప్పుడు ఒకసారి మాటల్లో పడ్డాం. ఆవిడది హెబెయ్ రాష్ట్రం, డెబ్బై దగ్గర పడ్డాయి. నేను ఇండియా అనగానే "కె దిహువా" అంది. నాకు ముందు అర్థం కాలేదు, తర్వాత వెలిగింది. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్! 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకి మన దేశం పంపిన ఐదుగురు డాక్టర్లలో ఒకడు. అక్కడే గాయపడ్డ సైనికులకి ఆపరేషన్లు చేస్తూ 1942లో, ముప్ఫై రెండేళ్ళకే చనిపోయాడు. ఆవిడ చిన్నప్పుడు బళ్ళో ఆయన గురించి చదువుకుందట. ఆయనది సోలాపూర్ అనీ, మా పెద్దమ్మ వాళ్ళదీ సోలాపూరే అనీ చెప్పాను. సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి బతుకుదెరువు కోసం పోయిన మా పద్మశాలీలు ఆ ఊళ్ళో వీధులకి వీధులు ఉన్నారు, దుప్పట్లు నేస్తారు అంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ ఐదుగురిలోనే ఉన్న కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చాడు, మన దేశంలో ఈ వైద్యం ఆయనతోనే మొదలైంది. అమెరికాలో మామూలు జనంలో దీని పేరు బాగా వినబడింది ఇంకా తర్వాత. 1971లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కి పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక కడుపులో ఇబ్బందికి సూదులు పెట్టారు, ఆయన అది పత్రికలో రాశాడు. 

ఇక, పనిచేస్తుందా అని అందరూ అడుగుతారు. నేను చదివినంతలో నాకు నిజాయితీగా అనిపించింది జర్మనీలో చేసిన ఒక పెద్ద అధ్యయనం, 2007లో వచ్చింది. నడుము నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. పద్ధతి ప్రకారం సూదులు పెట్టినవాళ్ళలో ఆరు నెలలకి 47.6 శాతం మందికి గుణం కనబడింది. ఏదో ఒక చోట పైపైన గుచ్చినవాళ్ళలో 44.2 శాతం మందికి. మందులు, వ్యాయామాల లాంటి మామూలు వైద్యం చేసినవాళ్ళలో 27.4 శాతం మందికే. దీన్ని ఎటు నుంచైనా చదువుకోవచ్చు. ఫలానా బిందువులోనే గుచ్చాలన్న శాస్త్రం గొప్పగా నిలబడలేదు, కానీ సూదులు పెట్టించుకున్న రెండు గుంపులూ మామూలు వైద్యం కంటే చాలా బాగున్నాయి. పదేళ్ళ తర్వాత 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం దీర్ఘకాల నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో ఆక్యుపంక్చర్‌ని చేర్చింది. 2020 జనవరి నుంచి మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) కూడా దీర్ఘకాల నడుము నొప్పికి 90 రోజుల్లో 12 సార్ల దాకా డబ్బు కడుతోంది. గుణం కనబడితే మరో 8 సార్లు. గ్రీన్ కార్డు మీద వచ్చి ఇక్కడే ఉంటున్న అమ్మానాన్నలకి మెడికేర్ ఉంటే ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. అయితే కాలేజీ క్లినిక్‌లో చెల్లుతుందా అని ముందే కనుక్కోవాలి, మేం వెళ్ళే చోట ఇన్సూరెన్స్ తీసుకోరు.

నా భుజం సంగతి ఇప్పుడెలా ఉందంటే, మొదట నిద్ర బాగుపడింది. తర్వాత నెమ్మదిగా చెయ్యి తల వెనక్కి పోవడం మొదలైంది. జడ వేసుకుంటున్నాను, వదులుగానే అయినా. బ్లౌజు వెనక హుక్కు ఇంకా అందదు. ఇందులో సూదుల వాటా ఎంత, గోడ వ్యాయామాల వాటా ఎంత, కాలం వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. 150 డాలర్లయితే మాత్రం ఒకసారి చేయించుకుని మానేసేదాన్ని. ఇలాంటి నొప్పికి వారం వారం వెళ్ళగలగడమే సగం వైద్యం, 40 డాలర్లకి అది కుదిరింది.

ఇబ్బందులూ ఉన్నాయి. టైముకి పిలవరు. అధ్యాపకురాలు ఒక్కరే నాలుగు గదులు చూస్తుంటే ఆవిడ కోసం గౌను వేసుకుని అలా కూర్చోవాల్సిందే. ఒకసారి మోచేతి దగ్గర కమిలి వారం రోజులు నల్లగా ఉంది, ప్రీస్కూల్లో పిల్లలు దాన్ని ముట్టుకుని ముద్దులు పెట్టారు. అన్నిటికంటే కష్టం టర్ము అయిపోగానే విద్యార్థి మారిపోవడం. మా తైవాన్ ఆవిడ వెళ్ళేముందు కొత్త అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ సూదికి నేను ఉలిక్కిపడతానో, దీపం ఎంత దూరంలో పెట్టాలో కూడా ఫైల్లో రాయించింది. ఆకులూ వేళ్ళూ కలిపిన కషాయం పొడి కూడా ఇస్తామన్నారు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి నా డాక్టర్‌ని అడిగే దాకా వద్దన్నాను, వాళ్ళూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టే చోట నేనైతే ఉండను.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు అడుగుతారని ముందే చెప్తున్నాను. ప్రకృతి వైద్యం డిగ్రీ, అంటే బీఎన్‌వైఎస్, పాఠాల్లో ఆక్యుపంక్చర్ కూడా ఉంటుంది. అమీర్‌పేట దగ్గర బల్కంపేటలో గాంధీ నేచురోపతిక్ మెడికల్ కాలేజీ, దాని ఆసుపత్రి ఉన్నాయి. అక్కకి కూడా అక్కడ ఒకసారి కనుక్కోమని చెప్పాను, తనకీ మెడ నొప్పి ఉంది. "చూస్త తియ్" అంది.

వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు మామూలు డాక్టర్ దగ్గర జబ్బేమిటో తేల్చుకుని ఆ కాగితాలు పట్టుకెళ్ళండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండెకి పేస్‌మేకర్ ఉన్నా, కడుపుతో ఉన్నా మొదటి మాటే అది చెప్పండి. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్ళు తిరగచ్చు, గంట ముందు ఇడ్లీయో ఉప్మాయో తినండి. మోకాళ్ళ పైకీ మోచేతుల పైకీ మడిచే బట్టలు వేసుకోండి, చుడీదార్ బిగుతుగా ఉంటే కాలి సూదికి కష్టం. అధ్యాపకులు స్వయంగా గదిలోకి వచ్చి చూస్తారా అని ఫోన్లోనే అడగండి. నాలుక మాత్రం ఆ ఒక్క పొద్దుటికి గీసుకోకండి.